పోయిన బంతికి ఒక స్ట్రోకా, రెండా? మలాయ్ కాజా పందెం తేల్చండి

పెన్నా గట్టు:
నెల్లూరులో తెల్లవారుజామున బయలుదేరి, చెన్నైలో గోల్ఫ్ ఆడి వచ్చే నలుగురం మేము. మా మధ్య ఒక ఒప్పందం ఉంది. బంతి పోతే మళ్లీ టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గరకు నడవనక్కరలేదు. పోయిన చోటే ఇంకో బంతి వేసుకుని ఒక పెనాల్టీ స్ట్రోకు, అంటే కొట్టకుండానే లెక్కలోకి వచ్చే ఒక దెబ్బ, కలుపుకోవాలి. మొన్న ఆదివారం నా బంతి ముళ్ల పొదల్లో మాయమైంది. అలాగే చేశాను, ఒక్క స్ట్రోకు తేడాతో గెలిచాను. ఓడినాయన ఇప్పుడు ఆ ఒప్పందమే చెల్లదంటున్నాడు. పందెం కిలో మలాయ్ కాజా. ఆడేవాళ్లే ఒప్పుకున్నాక ఇంకెవరి అనుమతి కావాలి?

ఉదయగిరి రాయి:
చెల్లదు. బంతిని వెతకడానికి 2019 నుంచి 3 నిమిషాలే గడువు, అంతకుముందు 5 ఉండేది. దొరక్కపోతే ఒక పెనాల్టీ స్ట్రోకు కలుపుకుని, ముందు కొట్టిన చోటి నుంచే మళ్లీ కొట్టాలి. స్థానిక నియమం పెట్టే అధికారం కోర్సు కమిటీది. తెలిసి తెలిసి ఒక నియమాన్ని పక్కన పెడదామని ఆటగాళ్లు కూడబలుక్కుంటే, గోల్ఫ్ నియమావళిలోని 1.3బి కింద అందరూ అనర్హులే. అంటే మీరు నలుగురూ ఓడారు. కాజాలు ఉదయగిరి పంపండి.

ఒంగోలు గిత్త:
ఆదివారం ఆటకు అనర్హతా! మా వీధి క్రికెట్‌లో బంతి గోడ దాటి మామ్మగారి పెరట్లో పడితే ఔటు. ఏ కమిటీ పెట్టింది? ఆ పెరట్లోకి వెళ్లే ధైర్యం ఎవరికీ లేక పుట్టిన నియమం అది. 1940లో బాంబులు పడుతుంటే ఇంగ్లండ్‌లోని రిచ్‌మండ్ గోల్ఫ్ క్లబ్ ఏం చేసింది? పేలుడు వల్ల దెబ్బ చెడితే అక్కడి నుంచే ఇంకో బంతి కొట్టుకోవచ్చని రాసుకుంది.

ఉదయగిరి రాయి:
రాసింది క్లబ్బే కదా, గిత్త గారూ. పైగా దానికీ ఒక స్ట్రోకు పెనాల్టీ వేసింది. బాంబు పడినా మాఫీ లేదు!

మైపాడు కెరటం:
అధికారం సంగతి తర్వాత, ముందు వేళ్ల మీద లెక్కపెట్టండి. టీ మీద కొట్టినది 1. పెనాల్టీతో 2. మళ్లీ టీ నుంచి కొట్టేది 3వ దెబ్బ. అది ఫెయిర్‌వేలో (గడ్డి పొట్టిగా కత్తిరించిన దారిలో) పడ్డాక అక్కడి నుంచి కొట్టేది 4వది. పెన్నా గట్టు గారు పొదల పక్కన నిలబడి కొట్టింది 3వది. నడకతో పాటు ఒక దెబ్బ కూడా మిగుల్చుకున్నారు! 2019లో వచ్చిన ఇ-5 అనే నమూనా స్థానిక నియమం, బంతిని ఫెయిర్‌వే అంచుకు తెచ్చి వేసుకోనిస్తుంది కానీ 2 స్ట్రోకులు వసూలు చేస్తుంది. అదీ కమిటీ అమల్లో పెడితేనే. వెనుక జట్టు ఎదురుచూస్తుంటే వెనక్కి నడవడం నాకూ ఇష్టం ఉండదు. మీరు ఒప్పందం చేసుకోవడం తప్పనను, ధర తక్కువ కట్టారంటాను.

ఒంగోలు గిత్త:
లెక్కకు లొంగాను. కమిటీకి లొంగను.

కావలి రైలు:
అనుమానం రాగానే ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే వాడుకునే బంతి) అని చెప్పి టీ మీదే ఇంకో బంతి కొట్టి ఉంటే ఈ గొడవే లేదు కదా?

పెన్నా గట్టు:
బంతి పోయిందని అప్పుడే ఒప్పుకోవాలి కదండీ, మనసు రాలేదు. సరే, రెండో స్ట్రోకు కలుపుకుంటే ఇద్దరం సమానం. చెరి అరకిలో కొందామని ఆయనతో అన్నాను. ఆయన ఇదంతా చదివి అనర్హత మాట పట్టుకుని కూర్చున్నాడు. ఒప్పందం రోజు అందరికంటే ముందు తలూపింది ఆయనే!