రోబో పాత్రకు ముందు ఆకారమా, ముందు భాగాలా?

ఇరుసు:
నెల రోజులుగా ఒక ముసలి రేవు కూలీ రోబోను డిజైన్ చేస్తున్నాను. ప్రొక్లెయిన్ చెయ్యి, మోటార్‌సైకిల్ ఇంజను ఛాతీ, తలకు టేబుల్ ల్యాంపు. విడివిడిగా చూస్తే ప్రతి భాగమూ ముద్దొస్తోంది. కలిపితే తుక్కుకుప్ప. స్నేహితుడేమో "ముందు ఆకారం గీసుకో, భాగాల సంగతి తర్వాత" అంటాడు. భాగాలు ముందుంటేగానీ నాకు ఊహ కదలదు. మీరెటు? బొమ్మ జతచేశాను.

నల్లగీత:
మీ స్నేహితుడి మాటే నాదీ. బోల్టులెన్నో ఎవరూ లెక్కపెట్టరు. బొమ్మంతా నల్లరంగు నింపేసినా అది ఎవరో తెలియాలి. మూటలు మోసి మోసి వంగిన వీపు ముందు గీయండి. ఆ వంపులో ఇమడని భాగం ఎంత ఇష్టమైనదైనా తీసెయ్యండి.

పాతసామాను:
నేను ఒప్పుకోను. ఆకారంతో మొదలుపెడితే అందరికీ అవే వెడల్పు భుజాలు, అదే గుండ్రటి తల వస్తాయి. ‘వాల్-ఈ’ యానిమేషన్ సినిమాలోని రోబో కళ్ళు బైనాక్యులర్స్‌లోంచి పుట్టాయి. దాన్ని మధ్య కీలు దగ్గర వంచితే రెండు గొట్టాలూ వాలి దిగులు ముఖం అవుతుంది. ఆ దిగులు వస్తువులోనే ఉంది. కాగితం మీద గీతలు గీస్తూ కూర్చుంటే దొరికేది కాదు.

బేరింగు:
ఎటునుంచి మొదలుపెట్టినా ఫరవాలేదు గానీ, ఇరుసు గారి బొమ్మలో తప్పు వేరేచోట ఉంది. కుడి మోచేతిని పెద్దది చేసి చూశాను. హైడ్రాలిక్ సిలిండర్ (నూనె ఒత్తిడితో కడ్డీని బయటికి తోసే, లోపలికి లాగే పరికరం) రెండు కొసలూ పై చేతికే బిగించారు. అది ఎంత సాగినా ముంజేయి కదలదు! ఒక కొస పై చేతికి, రెండోది కీలు దాటి ముంజేతికి పడాలి. చూసేవాళ్ళకు ఇంజనీరింగ్ రాకపోవచ్చు, ప్రొక్లెయిన్ పనిచేయడం మాత్రం చూసే ఉంటారు. ఏదో అబద్ధమని కన్ను పట్టేస్తుంది.

ఇంకో సంగతి. మామూలు సిలిండర్‌కు నెట్టేటప్పుడున్న బలం లాగేటప్పుడు ఉండదు, ఆ వైపు కడ్డీ అడ్డుండి నూనె తోసే చోటు తగ్గుతుంది కాబట్టి. అంటే సిలిండర్‌ను మోచేతికి ఏ వైపు పెట్టారన్నదాన్నిబట్టి ఇతను నెట్టే మనిషా, లాగే మనిషా తేలిపోతుంది. నాకు పాత్ర అంటే అదే. ఇంజను దగ్గర పుట్టిన బలం వేళ్ళదాకా ఏ దారిన వెళ్తోందో ఒక్క గీతలో గీసి చూడండి. మీ బొమ్మలో ఆ గీత భుజం దగ్గరే తెగిపోతోంది.

నల్లగీత:
ఇదంతా అరచేతి అంత తెరమీద కనిపిస్తుందా?

బేరింగు:
నిలబడి ఉన్నంతసేపు కనిపించదండీ. యానిమేటర్ మోకాలు మడిచిన రోజున, వదులు ఉంచని గొట్టం తొడలోంచి పొడుచుకొస్తుంది.

పాతసామాను:
బేరింగు గారి మాటకు సాక్ష్యం అంగారకుడి మీదే ఉంది. 2012లో దిగిన నాసా రోవర్ క్యూరియాసిటీని ఎవరూ పాత్రగా గీయలేదు. దూరం చూడాలని కెమెరాలను స్తంభం మీద ఎత్తున పెట్టారు. మన కంటికి అది మెడా తలా అయిపోయింది.

ఇరుసు:
సిలిండర్ మార్చాను. ఇప్పుడు చెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నాడు, ఎప్పుడూ కాస్త మడిచే ఉంటోంది. మూట దించినా చెయ్యి దించని కూలీలా ఉన్నాడు. అలాగే ఉంచేస్తున్నాను. తలే ఇంకా పరాయిదిగా ఉంది. ల్యాంపు స్ప్రింగులు చిటికెనవేలంత, చేతి సిలిండర్ తొడంత. స్ప్రింగులు తీసి మెడకు కూడా చిన్న సిలిండరే పెట్టనా, లేక తలే మార్చెయ్యనా?