కాపీరైట్ అర్జీ: తెలుగు కాగితాల మీద సంతకాలు చాలుతాయా?

విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్ల దగ్గర సంతకాలు మొదలుపెడుతున్నాం. అర్జీ లోక్‌సభకు. గొడవంతా కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(సి)తో, దాని కింది నిబంధనలతో. కాపీరైట్ తమదంటూ ఎవరైనా ఇచ్చిన ఫిర్యాదు సబబేననిపిస్తే సైటు వాళ్లు 36 గంటల్లో లింకు ఆపెయ్యాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. ‘పెట్టుకోవచ్చు’ అంతే, పెట్టి తీరాలని లేదు! అప్‌లోడ్ చేసినవాళ్ల జవాబు వినాలన్న మాట ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు. రచయిత పోయి 60 ఏళ్లు దాటి, కాపీరైట్ తీరిపోయిన పుస్తకాన్ని స్కాన్ చేసి పెట్టినా ఇదే తంతు. జవాబు వినాలి, గడువు దాటాక తప్పక పెట్టాలి: మేం అడిగేది ఈ రెండే.

లోక్‌సభ నియమాల ప్రకారం సంతకాల కాగితం ఒకటి దాటితే ప్రతిదాని పైనా కోరిక మళ్లీ రాయాలి, లేకపోతే ఉత్త పేర్ల జాబితా అవుతుంది. స్క్రీన్‌షాట్లు జతచేయకూడదు. తెలుగు అర్జీకి ఇంగ్లీషు లేదా హిందీ అనువాదం, దాని మీద అర్జీదారు సంతకం కావాలి.

ఇక్కడే చిక్కు. అనువాదం మీద ఒక్కరు చేస్తే సరిపోతుందా, అందరూ చేయాలా? అర్జీని సభలో పెట్టే ఎంపీ ప్రతిసంతకం (కౌంటర్‌సైన్) ముందు తీసుకోవాలా, కాగితాలన్నీ నిండాకా? ఇలాంటి అర్జీ నడిపినవాళ్లు ఎవరైనా చెప్పండి. గుంటూరులో కాగితాలు పట్టుకుని తిరిగేవాళ్లున్నా పలకండి.