సాగర్ వెనుక నీళ్ల ఒడ్డున వైన్ ద్రాక్ష వేయవచ్చా?

దేవరకొండ_రైతుబిడ్డ: కాలిఫోర్నియాలో మా అక్క దగ్గరికి వెళ్లినప్పుడు సొనోమా తీరం చూశాను. కొండలు, పక్కనే పెద్ద నీరు, పొద్దున్నే పొగమంచు, ఎటు చూసినా వైన్ తోటలు. మా ఆరెకరాలూ సాగర్ వెనుక జలాల పక్కనే. బత్తాయి చెట్లు ముసలివయ్యాయి, తీసేసి వైన్ ద్రాక్ష వేద్దామని ఉంది. మంచు మనకూ డిసెంబరులో కమ్ముతుంది కదా?

భూగోళం_మాస్టారు: పెద్ద నీరైతే చాలదు, చల్లటి నీరు కావాలి. అక్కడ గాలులు పైనీటిని తీరం నుంచి నెట్టేస్తే అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. నడివేసవిలోనూ సముద్రం 12, 13 డిగ్రీల దగ్గరే. లోపలి లోయల్లో గాలి వేడెక్కి పైకి లేస్తుంటే, పెటలూమా దగ్గర కొండల సందులోంచి చలిగాలీ మంచూ లోపలికి దూరతాయి. కాయ పండేది ఆ రోజుల్లోనే. రాత్రి చల్లబడుతుంది కాబట్టి పులుపు నిలుస్తుంది. మే నెలలో సాగర్ నీళ్లలో కాలు పెట్టి చూడండి.

దేవరకొండ_రైతుబిడ్డ: మేలో ఎందుకు సార్? అక్టోబరులో కత్తిరిస్తే ఫిబ్రవరి, మార్చిలో కోత. మే ఎండకు తీగ మీద గుత్తే ఉండదు.

భూగోళం_మాస్టారు: మంచు గురించి అడిగారు, చెప్పాను. వాళ్లది వేసవి మంచు, మనది చలికాలపు మంచు.

జ్యూసుబండి: ఆ బత్తాయిలేవో నాకు పంపండి.

పాలమూరు_పాతకాపు: షాద్‌నగర్ పక్కన (అప్పట్లో మా జిల్లాయే) నాలుగెకరాల్లో అనాబెషాహి ద్రాక్ష పందిరి వేశాను. ఒక ఏడాది కోతకు వారం ముందు వడగళ్లు పడ్డాయి. తెల్లవారి పందిరి కిందికి వెళితే చెప్పులు రసానికి అతుక్కుపోయాయి. మరుసటి ఏడాది కాయ బ్రహ్మాండం, లారీతో వెళ్లిన వ్యాపారి మాత్రం తిరిగి రాలేదు. రాతికడీలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. గేదెలను కట్టేస్తున్నాం.

దేవరకొండ_రైతుబిడ్డ: మిమ్మల్ని ముంచింది వ్యాపారి అన్నా, వాతావరణం కాదు.

పాలమూరు_పాతకాపు: వడగళ్లు పడింది వ్యాపారి ఇంట్లోనా?

భూగోళం_మాస్టారు: నాసిక్‌లో వైన్ తీస్తున్నారనే కదా తర్వాత అనబోయేది? అది సుమారు 600 మీటర్ల ఎత్తు, ఎత్తుకొద్దీ చల్లదనం. సాగర్ నిండు మట్టమే 590 అడుగులు, అంటే 180 మీటర్లు. మీ చేను ఎంత ఎత్తులో ఉందో లెక్క వేసుకోండి.

దేవరకొండ_రైతుబిడ్డ: నల్లగొండ అంటే ఫ్లోరైడ్, పాలమూరు అంటే వలస. ఇంకేమీ రాసిపెట్టి లేదా మనకు? ఏది వేస్తానన్నా పండదనేవాళ్లే!

పాలమూరు_పాతకాపు: తమ్ముడూ, పండదని నేనెక్కడ అన్నాను? పైకి వెళ్లి మళ్లీ చదువు. పండుతుంది. ఎవరు కొంటారు? వడగళ్ల ఏడాది మిగిలిన కాయను రోడ్డు పక్కన బుట్టల్లో పెట్టి అమ్ముకున్నాను. వైన్ ద్రాక్ష చిన్నకాయ, లోపల గింజ, పైన మందం తోలు. ఫ్యాక్టరీవాడు తీపి చాలలేదని తిప్పి పంపితే బస్సు దిగినవాడు కూడా ముట్టుకోడు. కొనేవాడు ఒక్కడే అయితే ధరా వాడిదే. కొంటామని కాగితం రాసిచ్చారా?

దేవరకొండ_రైతుబిడ్డ: లేదు. మాట్లాడుతున్నాను.

భూగోళం_మాస్టారు: మంచు సంగతి ఇంకా ఒప్పుకోలేదు మీరు.

దేవరకొండ_రైతుబిడ్డ: అన్నా, ఆ కడీలు అమ్ముతారా?

పాలమూరు_పాతకాపు: ఒక్క ఎకరానికైతే ఇస్తాను. ఆరెకరాలకైతే ఇవ్వను.