ఆర్‌వీకి లిథియం బ్యాటరీ, సోలార్: కొనే ముందు మీ రోజువారీ లెక్క రాసుకోండి

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఈ దేశానికి వచ్చి ఎనిమిది నెలలైంది. నేను, నా భార్య కలిసి ఒక పాత ఆర్‌వీ, అంటే లోపలే పడక, వంటగది ఉండే బండి, కొన్నాం. కరెంటు కనెక్షన్ దొరకని చోట్ల మూడు నాలుగు రోజులు ఉంటూ, అక్కడి నుంచే ల్యాప్‌టాప్‌ల మీద ఉద్యోగాలు చేసుకోవాలని ఆశ. ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్క రాత్రికే నీరసపడుతోంది. 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ ఒకటి, 200 వాట్ల ప్యానెల్ ఒకటి కొనాలనుకుంటున్నాను. సరిపోతాయా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: సరిపోవండీ. ఎందుకు సరిపోవో మీ చేతితోనే లెక్క వేసి చూసుకోండి. ఆ లెక్క చేతిలో ఉంటే దుకాణంలో ఎవరూ మీకు అక్కర్లేనిది అంటగట్టలేరు.

12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు దాదాపు 600 వాట్-అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చే అంకె) తీసుకుంటుంది. రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక్కొక్కటి 50 వాట్ల చొప్పున ఆరు గంటలు, మరో 600. ఫ్యాను 30 వాట్లు, ఎనిమిది గంటలకు 240. దీపాలు, ఫోన్లు, నీటి పంపు అన్నీ కలిపి 150. ఇంతవరకు 1,590 అయింది. చాలామంది మరిచిపోయేది ఇన్వర్టర్. దానికి ఏమీ తగిలించకపోయినా, ఆన్‌లో ఉన్నంతసేపూ 15 వాట్లు తాగుతూనే ఉంటుంది. రోజంతా వదిలేస్తే 360. అంటే ఫ్యాను కన్నా ఎక్కువ! ల్యాప్‌టాప్‌లకు 12 వోల్టుల నుంచి నేరుగా పనిచేసే కారు ఛార్జర్లు తీసుకుని, ఇన్వర్టర్‌ను అవసరమైనప్పుడే వేయండి.

మీరు అనుకుంటున్న బ్యాటరీలో 12.8 వోల్టుల లెక్కన ఉండేది 1,280 వాట్-అవర్లు. ఒక్క రోజుకే చాలదు. అలాంటివి రెండు పెట్టి, పది శాతం మిగిల్చి వాడుకుంటే 2,300 చేతికొస్తాయి. ఎండ లేకపోయినా దాదాపు ఒకటిన్నర రోజు గడుస్తుంది. ఇక ప్యానెల్ మీద రాసిన 200 వాట్లు ప్రయోగశాల అంకె. ఆర్‌వీ కప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్, వేడి, దుమ్ము అన్నీ పోగా 70 శాతం వస్తే సంతోషించాలి. ఐదు గంటల నిండు ఎండకు 200 వాట్లు ఇచ్చేది 700 వాట్-అవర్లు. 400 వాట్లు పెడితే 1,400. శీతాకాలంలో నిండు ఎండ రెండు గంటలకు మించని చోట అదే 560కి పడిపోతుంది. అందుకే కప్పు మీద చోటున్నంత మేర ప్యానెళ్ళు పెట్టమంటాను.

బ్యాటరీ రకంలో మాత్రం సందేహం వద్దు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. మిగతా లిథియం రకాలతో పోలిస్తే వేడికి ఎక్కువ తట్టుకుంటుంది, వేల సార్లు ఛార్జ్ చేసినా పనిచేస్తుంది. లెడ్ యాసిడ్‌ను సగం కన్నా ఎక్కువ ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది, దీనికి ఆ బెంగ లేదు.

దీని బలహీనత చలి. మా మొదటి శీతాకాలంలో ఒక ఉదయం ఎండ ఫెళ్ళున కాస్తోంది, ప్యానెళ్ళ నుంచి ఒక్క ఆంపియర్ కూడా బ్యాటరీలోకి వెళ్ళడం లేదు. నిచ్చెన వేసుకుని కప్పెక్కాను, తీగలన్నీ విప్పి చూశాను, ప్యానెళ్ళకూ బ్యాటరీకీ మధ్య ఛార్జింగ్‌ను అదుపు చేసే కంట్రోలర్ పాడైందని తేల్చేసుకున్నాను. మధ్యాహ్నం అయ్యేసరికి దానంతట అదే ఛార్జింగ్ మొదలైంది. బయటి అరలో పెట్టిన బ్యాటరీ రాత్రి సున్నా డిగ్రీల కిందికి చల్లబడింది. ఆ స్థితిలో ఛార్జ్ చేస్తే లిథియం, సెల్‌లోని పలక లోపలికి ఇంకకుండా లోహంగా దాని పైన పేరుకుపోతుంది, ఆ నష్టం మళ్ళీ పూడదు. బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్, అంటే బీఎమ్‌ఎస్, ఛార్జింగ్‌ను ఆపి దాన్ని కాపాడింది. చౌక బ్యాటరీల్లో కొన్నింటికి ఈ చలి రక్షణ ఉండదు. కొనే ముందు వివరాల కాగితంలో ఆ మాట వెతకండి, లేకపోతే వదిలేయండి. బ్యాటరీని మనుషులుండే భాగంలో, మంచం కిందో సోఫా కిందో పెట్టండి.

చలితో ఇంకో చిక్కు కూడా ఉంది. ప్యానెల్ వోల్టేజీ చలిలో పెరుగుతుంది. ఏ లోడూ తగిలించనప్పుడు 24 వోల్టులిచ్చే ప్యానెళ్ళు నాలుగు వరుసగా కలిపితే 96. కంట్రోలర్ హద్దు 100 కదా అని ధీమాగా ఉంటాం. ఆ 24 అనేది 25 డిగ్రీల దగ్గర కొలిచినది. మైనస్ 10లో పది శాతం పెరిగి 105 దాటుతుంది, కంట్రోలర్ కాలిపోవచ్చు. రెండేసి కలిపిన వరుసలు రెండు, పక్కపక్కన జోడించండి. ఒకదాని మీద నీడ పడినా రెండో వరుస పనిచేస్తుంది. కంట్రోలర్ ఎమ్‌పీపీటీ రకమే, అంటే ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ శక్తిని రాబట్టేదే, ఉండాలి.

ఎంత మిగిలిందో తెలియడానికి వోల్టుమీటర్‌ను నమ్మకండి. ఈ బ్యాటరీ వోల్టేజీ చాలాసేపు ఒకే చోట నిలిచి, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. వచ్చిపోయే ఆంపియర్లను లెక్కించే షంట్ మీటర్ పెట్టుకోండి.

ప్రశ్న: చాలా కృతజ్ఞతలండీ. ఇంకో రెండు సందేహాలు. బండి నడుస్తున్నప్పుడు ఇంజిన్ నుంచి ఛార్జ్ చేసే పాత తీగ అలాగే ఉంచవచ్చా? ఇండక్షన్ పొయ్యి వాడుకోవచ్చా?

జవాబు: తీగను నేరుగా ఉంచకండి. లిథియం బ్యాటరీ దొరికినంత కరెంటు లాగేస్తుంది, ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో ఆ కరెంటును హద్దులో ఉంచే 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెట్టించండి. మూడు గంటల ప్రయాణంలో వెయ్యి వాట్-అవర్ల పైనే లోపలికి చేరతాయి, మబ్బు రోజుల్లో మీకు అదే ఆధారం.

పొయ్యి 1,800 వాట్లది అయితే అరగంటకు 900 వాట్-అవర్లు పోతాయి, పైగా 12 వోల్టుల దగ్గర 150 ఆంపియర్లు దాటుతుంది. ఒక్క బ్యాటరీ బీఎమ్‌ఎస్ సాధారణంగా 100 దగ్గర ఆపేస్తుంది. రెండు బ్యాటరీలుంటే నడుస్తుంది గానీ మొదటి ఏడాది గ్యాసుతోనే కానివ్వండి. స్వదేశం నుంచి తెచ్చుకున్న పరికరాలు ఉంటే ఇక్కడి వోల్టేజీకి సరిపోతాయో లేదో వెనుక చీటీ చదివి చూసుకోండి.

డబ్బు చాలక ఏదైనా వాయిదా వేయాల్సి వస్తే ఒక ప్యానెల్‌ను వాయిదా వేయండి, మందపాటి తీగను, ఫ్యూజును మాత్రం వద్దు. షార్ట్ అయితే ఈ బ్యాటరీ నుంచి వేల ఆంపియర్లు ఒక్కసారిగా దూకుతాయి. బ్యాటరీ పాజిటివ్‌కు వీలైనంత దగ్గరగా క్లాస్-టీ ఫ్యూజు పెట్టించండి. అంత కరెంటును మామూలు ఫ్యూజు తెంపలేకపోవచ్చు. పని పూర్తయ్యాక అరగంట పాటు బరువైన లోడు వేసి, ప్రతి కలయిక దగ్గరా చెయ్యి ఆనించీ ఆనించనట్టు పెట్టి చూడండి. ఎక్కడైనా వేడి తగిలితే అక్కడ బిగువు చాలలేదని అర్థం, వెంటనే ఆపి బిగించండి.