గంట మ్రోగినఁ బురమెల్ల మంటఁ గలిసె: ఈ వారం సమస్య, పూరణలు

కృష్ణలంక మాస్టారు (నిర్వహణ):

పోయిన ఆదివారం మన గుంటూరు, బెజవాడ కుర్రకారు పద్యాలు పక్కనపెట్టి 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చివరి సీజన్ మీద అర్ధరాత్రి దాకా కొట్టుకున్నారు. సీరియల్ అయిపోయి ఇన్నేళ్లయినా రాణి డేనరిస్ ఊరు ఎందుకు తగలబెట్టిందో ఎవరికీ మింగుడుపడలేదట. సరే, ఆ కోపమేదో పద్యంలో చూపించండి. ఈ వారం సమస్య, తేటగీతిలో; ఈ చివరి పాదం నాది, పై మూడు పాదాలు పూరించాల్సింది మీరు:

గంట మ్రోగినఁ బురమెల్ల మంటఁ గలిసె

గణాలు చూసుకోండి: గంట, మ్రోగినఁ, బురమెల్ల, మంటఁ, గలిసె. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి, అంటే యతి, కుదరాలి కదా; గకీ మకీ యతి ఎక్కడిదని అడగబోతారని తెలుసు. ఇది ప్రాసయతి, వాటి బదులు రెండో అక్షరాలు కలుస్తాయి: గంటలో ట, మంటలో ట.

సీరియల్ చూడనివాళ్లకు రెండు ముక్కలు. ఆ రాజధానిలో గంటలు మోగితే లొంగిపోయామని అర్థం. గంట మోగితే దాడి ఆపమని మంత్రి టిరియన్ ముందే బతిమాలుకున్నాడు. గంటలు మోగాయి. రాణి డ్రాగన్ మీద ఎగిరి ఊరంతా కాల్చేసింది. ఎనిమిదో సీజన్, అయిదో ఎపిసోడ్.

ఇంకో సంగతి. డేనరిస్ అనే పేరు రగణం, ఇంద్రగణం స్థానంలో హాయిగా పడుతుంది. అందుకని ప్రతివాళ్లూ దాన్నే ఇరికించకండి. డ్రాగన్‌ని నిప్పు కక్కమని ఆమె చెప్పే మాట డ్రకారిస్ యగణం, తేటగీతిలో ఒక గణంగా ఇమడదు. పేర్లు లేకుండా కథ చెప్పినవాళ్లకు నా ఓటు.

వన్‌టౌన్ కుర్రాడు:

మాస్టారూ, మొదటి బోణీ నాదే.

శరణు శరణంచుఁ బౌరులు చాటఁ, గినిసి,
సఖిని, బిడ్డలఁ గోల్పోయి చాల నొగిలి,
నిప్పుఁ గ్రక్కెడి పక్షిపై నెగసె రాణి;
గంట మ్రోగినఁ బురమెల్ల మంటఁ గలిసె!

సఖి అంటే మిస్సాండే. గోడ మీద నిలబెట్టి తల నరికారు కదా. బిడ్డలంటే పోయిన రెండు డ్రాగన్లు.

కృష్ణలంక మాస్టారు:

శభాష్ నాయనా. శకీ చకీ మైత్రి వాడుకున్నావు, సకీ చకీ కూడా. గణాల్లో వంక లేదు. వంకల్లా పాదాల వరుసలో ఉంది. మొదటి పాదంలోనే కినిసింది, ఎందుకు కినిసిందో రెండో పాదంలో చెప్పావు. కోపం ముందొచ్చి కారణం వెనకాల పరిగెత్తుతోంది. తేటగీతిలో ఏ పాదం యతి ఆ పాదానిదే, ప్రాస బంధం లేదు. కాబట్టి పాదాలు తారుమారు చేసినా పద్యం చెడదు. ఇలా చదువు:

సఖిని, బిడ్డలఁ గోల్పోయి చాల నొగిలి,
శరణు శరణంచుఁ బౌరులు చాటఁ, గినిసి,
నిప్పుఁ గ్రక్కెడి పక్షిపై నెగసె రాణి;
గంట మ్రోగినఁ బురమెల్ల మంటఁ గలిసె!

ఒక్క అక్షరం మార్చలేదు. ఇప్పుడు ఆమె దుఃఖం మనకు ముందే తెలుసు. శరణన్నా ఆగలేదంటే నమ్ముతాం.

అరండల్‌పేట అక్క:

తమ్ముడూ, డ్రాగన్ పక్షి ఎలా అవుతుందిరా? ఈకలేవి? పాముపై అన్నా అదే రగణం.

వన్‌టౌన్ కుర్రాడు:

అక్కా, పాము అంటే మా అమ్మమ్మ నాగులచవితికి పాలు పోస్తానంటుంది.

బ్రాడీపేట చెల్లి:

నేను కొత్త. తప్పులుంటే మన్నించండి గురువు గారూ.

తండ్రి పిచ్చియె కూఁతురి తలకు నెక్కె,
రక్త దోషమె కారణ మంచుఁ జెప్ప,
నొంటరై యుండె నామెకు నొకఁడు లేఁడు;
గంట మ్రోగినఁ బురమెల్ల మంటఁ గలిసె!

వాళ్ల నాన్న కూడా ఊరు తగలబెట్టాలనే చూశాడు. ఆ వంశంలోనే ఉంది. సింపుల్.

కృష్ణలంక మాస్టారు:

అమ్మా, మొదటిసారికి చాలా బాగుంది. రెండో పాదంలో యతి తప్పింది. రకీ మకీ పొత్తు లేదు, ప్రాసయతీ కుదరలేదు. నాలుగో గణం ర, ఱ, ల లాంటి మైత్రి అక్షరంతో మొదలవ్వాలి. 'రాదు' వేసి చూడు.

బ్రాడీపేట చెల్లి:

గంటసేపు కూర్చున్నాను గురువు గారూ. ఇలా కుదిరింది:

'తండ్రి పిచ్చియె కూఁతురి తలకు నెక్కె,
రక్త దోషమె' యని చెప్ప రాదు గాని,
యొంటరై యుండె నామెకు నొకఁడు లేఁడు;
గంట మ్రోగినఁ బురమెల్ల మంటఁ గలిసె!

కానీ చూడండి, నేను చెప్పాలనుకున్నదానికి పూర్తిగా తిరగబడింది. రక్తదోషమని రాశాను. యతి కోసం వెతికితే రక్తదోషం కాదని వచ్చింది. ఇప్పుడు ఇదే నిజమనిపిస్తోంది.

కృష్ణలంక మాస్టారు:

అదీ ఛందస్సు చేసే ఉపకారం! తోచిన మొదటి మాటను రానివ్వదు. మూడో పాదంలో అచ్చును అచ్చుగా వదిలేయకుండా 'యొంటరై' అన్నావు, అదీ మెచ్చుకోవాలి.

అరండల్‌పేట అక్క:

చెల్లీ, నువ్వు మార్చుకున్నదే కరెక్టు. రక్తం అని తేల్చేస్తే ఇక కథెందుకు? నాలుగో సీజన్ చివర గుర్తుందా? ఒక తండ్రి మూట విప్పుతాడు. లోపల మూడేళ్ల కూతురి బొమికలు, కాలి నల్లబడినవి. ఆ ఒక్క పిల్ల కోసం డేనరిస్ తన రెండు డ్రాగన్లను చీకటి కొట్లో గొలుసులేసి కట్టేసింది. మెడకు సంకెళ్లు తనే వేసి, ఏడుస్తూ పోతుంది. అంతకుముందు మీరీన్ నగరానికి వెళ్లే దారి పొడుగునా 163 మంది బానిసపిల్లల్ని కొయ్యలకు కొట్టారని, లెక్కపెట్టి 163 మంది యజమానుల్ని అలాగే కొట్టించింది. క్రూరమే, ఒప్పుకుంటాను. కానీ లెక్క ఉంది. పిల్లల పక్షాన లెక్క. ఆ మనిషి వీధిలో పిల్లల మీద నిప్పు పోసిందంటే మధ్యలో ఏదో జరిగి ఉండాలి కదా. అది నాకు చూపించలేదు. నా గొడవల్లా ఇదే.

వన్‌టౌన్ కుర్రాడు:

అక్కా, చూపించారు. సొంత అన్న నెత్తిన కరిగిన బంగారం పోస్తుంటే రెప్ప వేయకుండా చూసింది, మొదటి సీజన్‌లోనే. లొంగని టార్లీ తండ్రీకొడుకుల్ని కాల్చింది. రెండో సీజన్‌లో ఆమెకు కనిపించిన దర్శనంలో సింహాసనం గదికి పైకప్పే లేదు. బీజం వేశారు.

అరండల్‌పేట అక్క:

బీజం వేశారు, చెట్టెక్కడ? మొదటి ఆరు సీజన్లకి పదేసి ఎపిసోడ్లు. ఏడోదానికి ఏడు, ఎనిమిదోదానికి ఆరు. అసలు పని ఉన్నచోటే కోత పెట్టారు. తమిళుల కణ్ణగి కథ తీసుకో. భర్తను రాజు అన్యాయంగా చంపించాడని మధురను కాల్చింది. ఆ కోపంలో కూడా పసిపిల్లల్ని, ముసలివాళ్లని, ఆవుల్ని వదిలేయమని అగ్నికి చెప్పింది. ఆమె కోపానికి కళ్లున్నాయి.

పల్నాటి పిల్లగాడు:

అక్కా, మా వైపు నాయకురాలు నాగమ్మ సంగతీ ఇంతే. కోడిపందెం, వలస, కారంపూడి యుద్ధం, అన్నీ ఆమె ఖాతాలోనే రాసేశారు. ఆడది అధికారంలో కూర్చుంటే కథ చెప్పేవాడికి చెయ్యి తేలికవుతుంది. పద్యం రాయడం రాదు నాకు, ఊరికే అంటున్నాను.

కృష్ణలంక మాస్టారు:

ఊరికే అన్నా మంచి మాటన్నావు బాబూ.

యార్డు మామ:

మీ రాణి గొడవ నాకు తెలీదు. మంట అంటే గుంటూరోడికి ఒకటే మంట.

ఎండు మిరపల బస్తాల నెత్తి దింపు
వేళ యార్డున ఘాటుకు వెక్కి తుమ్మి
జనులు కన్నీళ్లఁ దడిసిరి చాలుఁ జాలు;
గంట మ్రోగినఁ బురమెల్ల మంటఁ గలిసె!

కృష్ణలంక మాస్టారు:

హాయిగా నవ్వుకున్నాను. గణాలు, యతులు అన్నీ సరే. కానీ గంట ఎందుకు మోగింది మామా? మూడు పాదాల్లో మిరపకాయలే ఉన్నాయి. గంట మటుకు ఆకాశంలోంచి ఊడిపడింది. సమస్యలో ఉన్న ప్రతి మాటకీ పైన బదులు ఉండాలి.

యార్డు మామ:

తుమ్ముల్లో గంట ఎవరికి వినపడింది మాస్టారూ.

సత్యనారాయణపురం:

టిరియన్ అన్న జేమీ మీద ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. నా దృష్టిలో అసలు ద్రోహం అతనికే జరిగింది.

నగర రక్షణ కొఱకునై నాఁడు రాజుఁ
జంపి నిందలు మోసిన శౌర్యధనుఁడు
పురము నా కేల యని చెలిఁ బొందఁ బోయె;
గంట మ్రోగినఁ బురమెల్ల మంటఁ గలిసె!

పిచ్చిరాజు, అదే డేనరిస్ తండ్రి, ఊరి కింద దాచిన అగ్గిమందు అంటిస్తానంటే, కాపలా కాయాల్సిన రాజునే పొడిచి అయిదు లక్షలమందిని కాపాడాడు. ఎందుకు చంపాడో ఎవరికీ చెప్పుకోలేదు. మూడో సీజన్‌లో వేడినీళ్ల తొట్టిలో, తెగిన చేత్తో, జ్వరంతో బ్రియెన్ అనే వీరవనిత ఒక్కదానికే చెప్పాడు. అలాంటివాడు చివర్లో తమ్ముడితో ఏమంటాడు? ఆ జనం మంచివాళ్లయినా కాకపోయినా నేనెప్పుడూ పెద్దగా పట్టించుకోలేదంటాడు. మరి ఆ కత్తిపోటు ఎవరికోసం? అదే ఎపిసోడ్‌లో డ్రాగన్ నిప్పుకి ఆ పాత అగ్గిమందు పచ్చగా అక్కడక్కడ పేలుతుంది కూడా. అతను ఆపిన మంటే అది.

కృష్ణలంక మాస్టారు:

ఈ వారం నాకు నచ్చిన పూరణ ఇది. 'రాజుఁ / జంపి' అని పాదం విరిచిన చోట కత్తి దిగినట్టుంది. నగర, పురము అని రెండుసార్లు వచ్చినా పునరుక్తి అనను. మొదటిది అతను కాపాడినప్పటి ఊరు, రెండోది వదిలేసినప్పటిది. జంకి శౌకి యతి చూసుకోకుండా ఎవరైనా తప్పంటారేమో, అకారానికి ఔకారంతో చెల్లుతుంది.

వన్‌టౌన్ కుర్రాడు:

సర్, వ్యసనపరుడు మళ్లీ తాగడా? పద్యంలోని ఆ చెలి, కవల అక్క సెర్సీ, ఆమె మీద పిచ్చి అతనికి వ్యసనం. మనుషులు బాగుపడి మళ్లీ చెడరా?

సత్యనారాయణపురం:

చెడతారు తమ్ముడూ. చెడేటప్పుడు ఒక్క రాత్రయినా పెనుగులాడతారు. ఇతను గుర్రమెక్కి వెళ్లిపోయాడు, అంతే.

బెంజ్ సర్కిల్ హాస్టల్:

పద్యాలు వచ్చిన వాళ్లంతా సీరియస్ అయిపోయారు. నాకు ఆ సోమవారం పొద్దున గుర్తొస్తోంది, 2019 మే 13. మనకు ఓట్లు ఏప్రిల్ 11న అయిపోయాయి, లెక్కింపు 23న. ఆ మధ్యలో ఈ ఎపిసోడ్. ఒక్క ల్యాప్‌టాప్ చుట్టూ పన్నెండుమందిమి, కరెంటు పోతుందేమోనని టెన్షన్. గంటలు మోగగానే మా రూమ్మేట్ లేచి చప్పట్లు కొట్టాడు, అయిపోయిందని. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. బయటికొస్తే బ్లేజ్‌వాడ ఎండ. ఆ ముందువారం ఎపిసోడ్‌లో విందులో మర్చిపోయిన కాఫీ కప్పు మీద అప్పుడు రాసుకున్న ఆటవెలది ఉంది, సమస్యతో సంబంధం లేదు, తిట్టకండి:

రాజు విందులోన రాణి ముంగిటఁ గప్పు
కాఫి దనుచుఁ దెలిసి కడుపు చెక్క
లయ్యె నవ్వి నవ్వి, లంకంత కోటలో
కాపు లేరె కప్పుఁ గాన నొకరు!

రాణి అడిగింది హెర్బల్ టీ, కాఫీ పొరపాటున వచ్చిందని ఛానల్ వాళ్లే జోకేశారు.

కృష్ణలంక మాస్టారు:

తిట్టను. 'చెక్క / లయ్యె' బాగా విరిగింది.

ఇక నా మాట. నేను మనవడి పోరు పడలేక చూశాను, అన్నీ 73 ఎపిసోడ్లు. మీ వాదన వింటుంటే ఒకటి తట్టింది. మూలకర్త పుస్తకాలు ఇంకా పూర్తికాలేదు. ముగింపు స్థూలంగా ఎలా ఉంటుందో ఆయన ముందే చెప్పాడని తీసినవాళ్లే చెప్పుకున్నారు. అంటే వాళ్ల చేతికొచ్చింది సమస్యాపాదమే. అవధాని అయినా అంతే కదా, చివరి పాదం అడిగే పృచ్ఛకుడిది, పై మూడూ తనవి. పాదం అసంబద్ధంగా ఉందని ఎవరూ అవధానిని తప్పుపట్టరు, అలా ఉండటమే సమస్య లక్షణం. రాణి ఊరు కాల్చడం తప్పు కథ కాదు. పై మూడు పాదాలు తొందరలో పూరించారు.

ముగియు టిట్లని ముందుగా మూలకర్త
చెప్పె, నడుమను దారులు చెరిపి, పరుగు
వెట్టి వచ్చిరి రచయితల్ వెంటవెంట;
గంట మ్రోగినఁ బురమెల్ల మంటఁ గలిసె!

అరండల్‌పేట అక్క:

మాస్టారూ, పద్యం అద్భుతం. కానీ మీ పూరణలో మంటగలిసింది పురం కాదు, సీరియల్ పరువు. మళ్లీ తీయమని పది లక్షలమందికి పైగా సంతకాలు పెట్టారు. 'బురమెల్ల' బదులు 'బరువెల్ల' అంటే సరిపోతుంది, గణం కూడా అదే.

కృష్ణలంక మాస్టారు:

పట్టుకున్నావమ్మా. సరిపోతుంది, కానీ ఇచ్చిన సమస్యను మార్చే హక్కు నాకూ లేదు. పైగా 'మ్రోగినఁ బరువెల్ల' అని పరువులో పకారాన్ని బకారం చేసి సరళాదేశం చేస్తే మోసే బరువు అనుకునే ప్రమాదం ఉంది. నా పూరణకు అర మార్కు కోసేయండి. తొమ్మిదింటికి ముగిస్తున్నాను.

యార్డు మామ:

ఆగండాగండి మాస్టారూ. గంటకి కారణం దొరికింది. అన్నం గంట.

ఎండు మిరపల బస్తాల నెత్తి దింపు
వేళఁ గూలీల నెల్లర వేగముగను
తినఁగఁ బిలిచిన యంతనే తిరిగె ఫ్యాను;
గంట మ్రోగినఁ బురమెల్ల మంటఁ గలిసె!

అరండల్‌పేట అక్క:

ఫ్యాన్ ఎవరు వేశారు మామా?

యార్డు మామ:

అది రెండో సీజన్‌లో చెప్తా.