స్పిట్‌ఫైర్ స్టీరింగ్ కాలమ్ లొడలొడ: బుష్ లేత్ మీద తీయించవచ్చా?

బెజవాడ_పాతబండి:
నాది 1967 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. స్టీరింగ్ వీలు పట్టుకుని పైకీ కిందకీ ఊపితే పావు అంగుళం ఆడుతోంది. గతుకుల్లో టకటకమని చప్పుడు. తిప్పితే టైరు కదిలేలోపు రెండు వేళ్ల మేర ఖాళీగా తిరుగుతోంది. హారన్ మోగితే మోగినట్టు, లేకపోతే లేదు. ఆటోనగర్‌లో నైలాన్ బుష్ (వీలు కడ్డీ, అంటే షాఫ్టు, కాలమ్ గొట్టంలో ఆడకుండా పట్టే రింగు) తీసిస్తామంటున్నారు. చేయించమంటారా?

లేత్_బాబాయి:
అవి ఒక జబ్బు కాదండీ, మూడు. పైకీ కిందకీ ఆడేది కాలమ్ బుష్. ఖాళీగా తిరిగేది బుష్ వల్ల కాదు. ఒకరు వీలుని అటూ ఇటూ కొద్దిగా కదుపుతుంటే మీరు బానెట్ ఎత్తి, షాఫ్టునీ కింది స్టీరింగ్ ర్యాక్‌నీ కలిపే రబ్బర్ కప్లింగ్ మీద చెయ్యి వేయండి. పైభాగం కదిలి కింది భాగం ఆలస్యంగా కదిలితే కప్లింగ్ పోయినట్టే. రెండూ కలిసి కదిలి టైరు కదలకపోతే ర్యాక్ (చక్రాలని పక్కలకి తిప్పే పళ్ల కడ్డీ), దాని చివర్ల కీళ్లు అంటే టై రాడ్ ఎండ్‌లు చూడాలి. ఇది తేలకుండా ఏదీ విప్పకండి.

బుష్ సంగతి: అసలు బుష్ పక్కన చిన్న బొడిపెలుంటాయి, బయటి గొట్టం రంధ్రాల్లో అవి పట్టుకుంటాయి. లేత్ మీద గుండ్రంగా తీసినదానికి అవి రావు కాబట్టి జారిపోతుంది. తీయించక తప్పకపోతే నైలాన్ వద్దు, డెల్రిన్ (తేమ పెద్దగా పీల్చని గట్టి ప్లాస్టిక్) కడ్డీ తెచ్చివ్వండి. నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుంది. ఎండాకాలంలో సరిపోయింది వానాకాలానికి బిగుసుకుంటుంది. లోపలి రంధ్రం షాఫ్టు కంటే 0.1 మి.మీ. ఎక్కువ చాలు. గొట్టంలోకి దిగాక రంధ్రం కాస్త మూసుకుంటుంది, అందుకని బిగించిన తర్వాతే కొలవండి. జారకుండా పాత రంధ్రంలోంచి చిన్న స్క్రూ వేయించండి, దాని మొన షాఫ్టుకి తగలకూడదు.

గుంటూరు_స్పానర్:
ముందు బ్యాటరీ తీగ తీసి, టైర్లు తిన్నగా పెట్టండి. వీలుకీ షాఫ్టుకీ కలిపి డాట్ పంచ్‌తో గుర్తు కొట్టుకోవాలి, లేదంటే ఇండికేటర్ ఒక పక్కే క్యాన్సిల్ అవుతుంది. వీలు నట్టు పూర్తిగా తీసేయకుండా రెండు మరలు ఉంచి, అటూ ఇటూ ఊపుతూ లాగండి. ఒక్కసారిగా ఊడితే ముఖానికి తగులుతుంది. సుత్తి మాత్రం తీయొద్దు.

కాలమ్‌లో ఒకదాంట్లో ఒకటి జారే షాఫ్టులను పట్టే క్లాంప్ ఉంటుంది. విప్పేటప్పుడు ముందు అలెన్ స్క్రూ లాక్‌నట్, తర్వాత ఆ స్క్రూ, ఆఖరున క్లాంప్ బోల్టులు. బిగించేటప్పుడు బోల్టులు ముందు, స్క్రూ తర్వాత. ఇక్కడ తప్పితే వీలు చేతిలోకి వచ్చేస్తుంది.

ఇక్కడి బోల్టులు యుఎన్ఎఫ్, అంటే అంగుళాల కొలత సన్న మరలవి. 5/16 అంగుళం బోల్టు తలకి అర అంగుళం పానా కావాలి, 13 మి.మీ. పానా పెడితే మూలలు అరుగుతాయి. మి.మీ. కొలత ఎమ్8 బోల్టు ఎక్కట్లేదని ట్యాప్ కొట్టి కొత్త మరలు కోసేవాళ్లుంటారు, ఒప్పుకోకండి. షాఫ్టుకి వెల్డింగ్ అంటే అక్కణ్నించి లేచి వచ్చేయండి.

లేత్_బాబాయి:
హారన్ మర్చిపోయాం. హారన్ బటన్ ఎర్త్ (కరెంటు బాడీకి తిరిగి పోయే దారి) షాఫ్టు మీదుగానే పోవాలి. షాఫ్టు చుట్టూ ప్లాస్టిక్ బుష్, కింద రబ్బర్ కప్లింగ్, ర్యాక్ కూడా రబ్బరు మీదే; వీటిలోంచి కరెంటు పోదు. అందుకే కప్లింగ్ మీదుగా ఒక ఎర్త్ తీగ, ర్యాక్ నుంచి చాసిస్‌కి ఇంకొకటి ఉండాలి. కొత్త కప్లింగ్ వేసినప్పుడు చాలామంది ఆ తీగ వదిలేస్తారు. మీటర్‌తో షాఫ్టుకీ బాడీకీ మధ్య చూడండి, 1 ఓమ్ దాటకూడదు.

బెజవాడ_పాతబండి:
చూశాను, కప్లింగ్ పైభాగమే ముందు కదులుతోంది. ఎర్త్ తీగ అసలు లేదు. బుష్ ఇక్కడెక్కడైనా దొరుకుతుందా?

గుంటూరు_స్పానర్:
స్పిట్‌ఫైర్ పుట్టిందే ట్రయంఫ్ వాళ్ల హెరాల్డ్ కారు చాసిస్ మీద. 1961 నుంచి మద్రాసులో ఆ కారే స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారైంది కాబట్టి పాత సరుకు అడిగి చూడండి. పాత బుష్ చేత్తో పట్టుకెళ్లి పక్కన పెట్టి కొలిచాకే డబ్బులివ్వండి. కప్లింగ్ మాత్రం పాతది వద్దు, షాపులో ఏళ్ల తరబడి పడున్న రబ్బరు పగిలిపోయి ఉంటుంది.