480 నామినేషన్లను గణితం వివరించగలదా?

మునుగోడు రైతు:
రాజకీయ అభిప్రాయాలు సమాజంలో ఎలా పాకుతాయో సమీకరణాలతో చెప్పవచ్చంటున్నారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి వినిపించాలని మన నల్లగొండ స్థానంలో 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. గణాంక శాస్త్రవేత్త డిగ్రూట్ 1974లో ఇచ్చిన నమూనా ప్రకారం ప్రతి మనిషీ తాను నమ్మేవారి అభిప్రాయాల సగటు వైపు జరుగుతాడు. అలా సగటుకు జరిగేవాడు నామినేషన్ వేయడు. కనుక అదంతా ఊరూరా తిరిగి జనాన్ని కూడగట్టినవారి కష్టమని, గణితానికి అందులో పాత్ర లేదని నా వాదన.

నల్లగొండ గణిత అధ్యాపకురాలు:
డిగ్రూట్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే 1978లో సామాజిక శాస్త్రవేత్త గ్రానోవెటర్ వేసిన లెక్క వేరు. ఎంతమంది ముందుకు వస్తే తానూ వస్తాడన్నది ఒక్కొక్కరికి ఒక్కో అంకె; దాన్ని గడప అందాం. వంద మందిలో ఒకరి గడప 0, తర్వాతివారిది 1, ఆ తర్వాతివారిది 2, అలా 99 వరకు ఉంటే, మొదటివాడు కదలగానే వందమందీ వరుసగా కదులుతారు. గడప 1 ఉన్నవారిది 2గా మార్చి చూడండి: మొదటివాడు ఒంటరిగా మిగిలిపోతాడు. తొంభైతొమ్మిది మంది మనసు అదే, ఫలితం మాత్రం తలకిందులు. నన్ను ఇన్నేళ్లుగా వదలనిది ఈ లెక్కే. ఆ ఎన్నికల్లో జనరల్ అభ్యర్థికి డిపాజిట్ 500 రూపాయలు. అదే ఏడాది తర్వాత చట్టం సవరించి 10,000 చేశారు. డిపాజిట్ పెరిగితే గడపా పెరుగుతుంది; నీళ్ల మీద కోపం రవ్వంత తగ్గకపోయినా, దాన్ని దాటడం బీదవారికి కష్టం. మీరన్న కూడగట్టినవారు చేసిందీ గడపలు దించడమే.

మునుగోడు రైతు:
ఫలితం తెలిశాక గడపలు ఊహిస్తే దేన్నయినా వివరించవచ్చు. ముందుగా కొలవలేని అంకెను శాస్త్రమని ఎలా ఒప్పుకోవాలి?

మర్రిగూడ ఉద్యోగి:
ఆ ఫ్లోరైడ్ నీళ్లకు మా నాయన మోకాళ్లు వంగిపోయి, గోడ పట్టుకుంటే తప్ప లేవలేకపోయేవాడు. "పక్కింటాయన నామినేషన్ వేస్తే నేనూ వేస్తా" అని వాకిట్లో కూర్చొని అనడం చిన్నప్పుడు విన్నాను. పక్కింటాయన వేయలేదు, మా నాయనా వేయలేదు.

నల్లగొండ గణిత అధ్యాపకురాలు:
మీ నాయనగారి గడప 1 అన్నమాట; అడిగితే తెలిసే అంకే అది. రైతుగారి అభ్యంతరం న్యాయమైనదే, దానికి పరీక్ష కూడా ఉంది. నామినేషన్ పత్రంపై అభ్యర్థి చిరునామా, దాఖలైన తేదీ, సమయం ఉంటాయి. ఒకరిని చూసి ఒకరు వేసి ఉంటే, మొదట వేసినవారి ఊళ్ల చుట్టుపక్కల నుంచే తర్వాతి పత్రాలు రావాలి. ముందే అనుకొని వేసి ఉంటే అన్ని మండలాల నుంచి ఒకేసారి వచ్చి ఉండాలి. ఆ 480 పత్రాలను తేదీల వారీగా పేర్చి చూసినప్పుడు రెండోదే నిజమని తేలితే, నా వాదన వదులుకుంటాను.